కొండమీద పిల్లల కోడి

దేవుని మహాకృపను బట్టి 2024వ సంవత్సరపు క్రిస్మసు ఆరాధనలు ముగించుకొని, డిసెంబరు 27వ తేదీ శుక్రవారం ఉదయం మా సంఘం నుంచి 22 మందిమి హార్స్‌లీ కొండకు బయలుదేరాము. యౌవనస్థులు, సండేస్కూలు పిల్లలు, నలుగురు తల్లులు, కాపరి అయ్యగారు, అమ్మగారు, రిటైరైన ఒక ఉపాధ్యాయుడు, మా పెద్దయ్య కలిసి ఆ లెక్క. మూడు దినాల సహవాస కూడిక అని పేరు పెట్టుకున్నాము గాని, నిజానికి ఆ వ్యాను ఎక్కేటప్పుడు మాలో సహవాసం లేదు. కుడివైపు సీట్లలో ఒక వర్గం, ఎడమవైపు సీట్లలో మరొక వర్గం కూర్చున్నాము. పెద్దయ్య డ్రైవరు పక్కన ఒంటరిగా కూర్చున్నాడు.

సంగతి దాచకుండా చెప్పుకోవాలి. మా మందిరం ఆవరణలో ఐదు చింతచెట్లు ఉన్నాయి. ఏటేటా వాటి ఫలసాయం అమ్మగా వచ్చిన డబ్బు సంఘం ఖర్చులకు పనికివస్తుంది. 19 సంవత్సరాలుగా ఆ లెక్క రాసిన కోశాధికారి పెద్దయ్యే. ఆ సంవత్సరం సంఘ కూటంలో లెక్కల పుస్తకం చదివినప్పుడు, వ్యాపారి ఇచ్చానన్న మొత్తానికీ పుస్తకంలో ఉన్న మొత్తానికీ దగ్గర దగ్గర 9,000 రూపాయలు తేడా కనబడింది. అడిగితే పెద్దయ్య పుస్తకం చేతిలోకి తీసుకొని, చాలాసేపు చూసి, "నా మనస్సాక్షి దేవునికి తెలుసు" అని లేచి వెళ్లిపోయాడు. జవాబు లేనివాడే అట్లా వెళ్తాడని మాలో సగం మందిమి అనుకున్నాము. కొందరం నోరు జారి దొంగ అని కూడా అన్నాము. ఆరు నెలలు ప్రభువు బల్ల దగ్గరకు అందరం కలిసి వెళ్లలేదు. అందుకే అయ్యగారు పట్టుబట్టి ఇరువైపులవారినీ ఈ ప్రయాణానికి ఒప్పించారు.

దారిలో మదనపల్లె టమోటా మార్కెట్టు లారీలను దాటుకొని ఆరోగ్యవరం దగ్గర కాసేపు ఆగాము. ఇక్కడి క్షయరోగ ఆసుపత్రి 1915లో మొదలైంది. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమొడ్-మొల్లర్ దాని మొదటి పెద్ద వైద్యుడు. క్షయకు మందు దొరకని ఆ రోజుల్లో పొడిగాలి, విశ్రాంతి, మంచి ఆహారం ఇవే వైద్యం. ఒక్కొక్క మిషను విడివిడిగా చేయలేని పనిని చాలా మిషనులు కలిసి చేశాయి గనుక దానికి 'యూనియన్ మిషన్' అని పేరు వచ్చింది. అయ్యగారు ఆ మాట చెప్పి మా ముఖాలు చూశారు. మేము చెట్ల వైపు చూశాము.

మదనపల్లె నుంచి కొండపైకి సుమారు 30 కిలోమీటర్లు. ఘాటు రోడ్డు మలుపులలో పిల్లలకు వాంతులయ్యాయి. సముద్రమట్టానికి సుమారు 4,100 అడుగుల ఎత్తున ఉన్న ఈ కొండకు పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర ఇక్కడి చల్లదనానికి మెచ్చి ఇల్లు కట్టుకోవడం వలన ఆయన పేరే నిలిచిపోయింది. మేము చేరేటప్పటికి కొండంతా మంచు మబ్బు. ఆ రాత్రి చలికి దుప్పట్లు కప్పుకొని ఎవరి గదిలో వారు ప్రార్థన చేసుకొని పడుకున్నాము.

శనివారం మధ్యాహ్నానికి ఎండ వచ్చింది. సాయంత్రం ఆకాశం కడిగిన పళ్లెంలాగా తేటపడింది. అమావాస్యకు ఇంకా రెండు రోజులే ఉంది గనుక చంద్రుని వెలుగు లేదు. భోజనాలు పెందలాడే ముగించి, విడిదివారిని అడిగి, చేతిలైట్లు పట్టుకొని గాలిబండ వైపు నడిచాము. బండ అంచుకు పోకుండా పిల్లలను మధ్యలో కూర్చోబెట్టాము. కింద దూరంగా ఊళ్ల దీపాలు, పైన చుక్కలు. మా ఊరిలో వీధిదీపాలు వచ్చిన తరువాత ఇన్ని చుక్కలను మేము చూడలేదు.

"పిల్లల కోడిని చూసినారా రా ఎవురైనా?" అన్నాడు పెద్దయ్య. వ్యాను ఎక్కినప్పటి నుంచి ఆయన నోట వచ్చిన మొదటి పెద్ద మాట అదే.

పిల్లలెవరికీ తెలియదు. అప్పుడాయన చెప్పసాగాడు. కపిల తోలే రోజుల్లో గడియారాలు ఎక్కడివి? రాత్రిపూట మడికి నీళ్లు తోడేటప్పుడు ఒకరి వంతు ఎప్పుడు ముగిసిందో, మరొకరి వంతు ఎప్పుడు మొదలైందో చుక్కలే చెప్పేవి. తల్లి కోడి చుట్టూ పిల్లలు మూగినట్టు గుంపుగా ఉండే చుక్కలను పిల్లల కోడి అనేవారు. పంచాంగంలో కృత్తిక అనేది దానినే. "తూర్పున వరసగా మూడు చుక్కలుంటాయి చూడండి. ఆ వరసనట్టే పైకి సాగదీస్తే ఎర్రగా ఒక చుక్క వస్తాది, అది రోహిణి. ఇంకా పైకి పోతే పిల్లల కోడి" అన్నాడు.

ఆయన చెప్పినట్టే వెతికాము. తూర్పున నిలువుగా మూడు చుక్కలు. వాటికి పైన ఎర్రని రోహిణి. రోహిణి పక్కనే కళ్లు చెదిరేంత తెల్లని వెలుగు ఒకటి. "అది బేత్లెహేము నక్షత్రమా?" అని ఒక సండేస్కూలు పాప అడిగింది. కాదమ్మా, అది గురుగ్రహం, ఆ సంవత్సరం రోహిణి దగ్గరకు వచ్చి ఉంది అని ఉపాధ్యాయుడు చెప్పాడు. ఇంకొంచెం పైన, నడినెత్తికి కాస్త తూర్పుగా, పిడికెడు వెలుగు. తేరిపార చూస్తే అది ఒక్కొక్క చుక్కగా విడిపోయింది. ఒకడు ఐదన్నాడు, ఇంకొకడు ఆరన్నాడు, పదేళ్ల పిల్లవాడు ఎనిమిదని పందెం కాశాడు. సూటిగా కాక కొంచెం పక్కకు చూస్తే మసక చుక్కలు ఇంకా బాగా కనబడతాయని ఉపాధ్యాయుడు నేర్పించాడు. మామూలు కంటికి ఆరు తెలుస్తాయి. మన దేశంలో కృత్తికలు ఆరుగురని, గ్రీసు దేశంలో ఏడుగురు అక్కచెల్లెళ్లని కథలు చెప్పుకున్నారు.

ఆయన తెచ్చిన దుర్భిణి చేతులు మారింది. అందులోనుంచి చూసిన ప్రతివారి నోటా ఒక్కటే మాట, "అబ్బా!" నీలపు తెలుపులో పదుల కొద్దీ చుక్కలు, చిన్న గరిటె ఆకారంలో. 1610లో గెలీలియో తన దూరదర్శినితో చూసి ఈ గుంపులో 36 చుక్కలను బొమ్మ గీశాడు. ఇప్పుడు లెక్కకు అందినవి వెయ్యికి పైనే. అవి మనకు సుమారు 440 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. అంటే ఆ రాత్రి మా కంటిని తాకిన వెలుగు, 1611లో కింగ్ జేమ్స్ బైబిలు అచ్చు కాకమునుపే, బైబిలు మన తెలుగులోకి రాకమునుపే అక్కడ బయలుదేరింది. సూర్యుని వయస్సు సుమారు 460 కోట్ల సంవత్సరాలైతే, ఈ చుక్కల వయస్సు పది కోట్లకు కాస్త అటూ ఇటూ అని శాస్త్రజ్ఞుల లెక్క. కనుక ఇవి పసిపిల్లలే. వీటిలో ప్రకాశమైనవి సూర్యుని కంటే రెండింతలకు మించిన వేడితో మండుతాయి. అందుకే ఆ నీలి వన్నె. పెద్ద దూరదర్శినిలో వాటి చుట్టూ పలుచని నీలి పొగ వంటిది కనిపిస్తుంది. అది వారు పుట్టిన పొత్తిగుడ్డ అని ఒకప్పుడు అనుకున్నారు. దారిలో ఎదురైన వేరొక ధూళి మేఘంలోగుండా ఆ గుంపు సాగిపోతున్నదని, వాటి వెలుగు ఆ ధూళిమీద పడి మెరుస్తున్నదని ఇప్పుడు తెలిసింది.

యౌవనస్థులలో ఒకడు సందేహం అడిగాడు. "అయ్యగారూ, నక్షత్రాలు, కార్తెలు అంటే జాతకాలు కదా? విశ్వాసులం వీటిని చూడవచ్చా?"

అయ్యగారు బైబిలు తెరవకుండానే జవాబిచ్చారు. చుక్కలను చూసి రాబోయేది చెప్పేవారిని యెషయా ప్రవక్త గద్దించాడు, అది నిజమే. అయితే యోబు గ్రంథము 38వ అధ్యాయంలో దేవుడే యోబును ఈ కృత్తికల దగ్గరకు తీసుకువెళ్లి, వీటిని కట్టి ఉంచడం నీ చేతనవుతుందా అని అడిగాడు. ఆమోసు కూడా 5వ అధ్యాయంలో కృత్తికను, మృగశీర్షను పేరు పెట్టి చెప్పాడు. ఆమోసు ఎవరు? తెకోవలో పశువులు కాచుకొని, మేడిపండ్ల పని చేసుకున్న పల్లెటూరివాడు. రాత్రిళ్లు మంద దగ్గర పడుకొని చుక్కలు చూసినవాడు. చుక్కలకు మొక్కమని ఆయన చెప్పలేదు, వాటిని చేసినవానిని వెదకమన్నాడు. "ఆ అధ్యాయం అంతా ఇంటికి వెళ్లాక చదవండి. చుక్కల మాట ఒక్క వచనమే. మిగిలినదంతా దేనిగురించో చూడండి" అని ఊరుకున్నారు. ఆ అధ్యాయం దేనిగురించో మాలో పెద్దవారికి తెలుసు. న్యాయం లేని చోట పాటలూ పండుగలూ దేవునికి ఇష్టం కావని చెప్పే అధ్యాయం అది.

ఉపాధ్యాయుడు ఇంకొక సంగతి చేర్చాడు. జాన్ మిచెల్ అని ఇంగ్లండులో ఒక పాదిరి ఉండేవాడు. గణితం తెలిసినవాడు. 1767లో ఆయన ఒక లెక్క కట్టాడు. ఆకాశమంతా చుక్కలను ఊరకే చల్లితే, ఇన్ని ప్రకాశమైన చుక్కలు ఇంత దగ్గరగా పడే అవకాశం 5 లక్షలలో ఒక వంతు అని తేల్చాడు. కనుక ఇవి చూపుకు మాత్రమే దగ్గరగా ఉన్నవి కావు, ఒకదానినొకటి ఆకర్షించుకోవడం వల్లనో సృష్టికర్త నియమం వల్లనో నిజంగానే ఒక్క గుంపుగా ఉన్నవని రాశాడు. తరువాతి శాస్త్రజ్ఞులు అది నిజమని కనుగొన్నారు. కృత్తికలు ఒక్క కాన్పు పిల్లలు, ఒక్క దారిన నడుస్తున్నాయి.

అంతలో లోయలోనుంచి మంచు మబ్బు ఒకటి లేచి తలమీదుగా పాకింది. చుక్కలు ఒక్కొక్కటే మాసిపోయాయి. పెద్దయ్య మాత్రం తల పైకెత్తి, వేలు చూపిస్తూ చెబుతూనే ఉన్నాడు. "మొన్న మొన్నటిదాకా నాకు ఏడు కనపడతా ఉండె. ఇప్పుడు కూడా చూడండి, ఒకటి, రెండు, మూడు..."

పందెం కాసిన పిల్లవాడు ఆయన చేయి పట్టుకున్నాడు. "తాతా, మబ్బు కప్పేసింది కదా. నీకెట్ట కనపడతా ఉండాయి?"

పెద్దయ్య వేలు గాలిలో ఆగిపోయింది.

ఎవ్వరమూ మాట్లాడలేదు. మా తల్లులలో ఒకామె ఆశా కార్యకర్త. లెక్కల కూటంలో అందరికంటే గట్టిగా మాట్లాడిన ఇంటి కోడలు. ఆమె లేచి వచ్చి, "మామా, ఇటు చూడు" అని చేతిలైటు పక్కనుంచి వేసింది. రెండు కళ్లలోనూ నల్లగా ఉండవలసిన చోట బూడిద తెలుపు. శుక్లాలు బాగా ముదిరి ఉన్నాయి. "ఎన్నాళ్లనుంచి మామా?" అని అడిగింది. రెండేళ్ల పైమాటే అన్నాడు. చూపు పోయిందంటే లెక్కల పుస్తకం తీసేసుకుంటారని, 19 ఏళ్ల పని పోతే మందిరంలో తనకేమి చోటు ఉంటుందని, ఎవరికీ చెప్పలేదట. అంకెలను అలవాటు మీద రాశాడు. కూటంలో పుస్తకం చేతికిచ్చినప్పుడు తాను రాసినదే తనకు కనబడలేదు.

ఆ కోడలు ఆయన కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది. మేము ఆ చీకటిలో ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాము. ఆరు నెలలు ఆయన పక్కనే కూర్చుని పాటలు పాడాము. పాటల పుస్తకం ఆయన తలకిందులుగా పట్టుకున్న రోజు కూడా ఉంది. అది చూసి నవ్వుకున్నామే గాని, ఎందుకని అడగలేదు. చూపు లేనిది ఆయనకా, మాకా?

ఆదివారం తెల్లవారుజామున లేచి కొండమీదనే ప్రార్థన చేసుకున్నాము. ఒక్కొక్కరం పెద్దయ్య దగ్గరకు వెళ్లి క్షమించమని అడిగాము. అందరమూ అడిగామని చెప్పలేము, ఇద్దరు ముగ్గురు వెనక నిలబడిపోయారు. యెరూషలేమును చూసి ప్రభువు దుఃఖపడిన మాటలను అయ్యగారు జ్ఞాపకం చేశారు. కోడి తన పిల్లలను రెక్కల కిందికి చేర్చుకున్నట్టు చేర్చుకోవాలని ఆయన ఎన్నిసార్లో కోరాడు, వారు మాత్రం రాలేదు. పల్లెలో కోళ్లు పెంచే మాకు ఆ మాట వివరించనవసరం లేదు. గద్ద నీడ పడినప్పుడు తల్లి పిలుస్తుంది. పరుగెత్తి వచ్చిన పిల్ల బతుకుతుంది. అక్కడ ఈ పిల్ల ఆ పిల్లను పొడిచి తరిమితే ఏమవుతుంది?

సాయంకాల ఆరాధనకు ఊరు చేరుకున్నాము. ఆ వారంలోనే బ్యాంకు పాసుపుస్తకంలో జమలన్నీ వేయించి, వ్యాపారి చీటీలు పక్కన పెట్టుకొని ఉపాధ్యాయుడు, ఆ కోడలు కలిసి లెక్క మళ్లీ చూశారు. డబ్బు డబ్బుగానే బ్యాంకులో ఉంది. పుస్తకంలోనే 7 చోట 1, 8 చోట 3 పడ్డాయి. చివరికి 140 రూపాయలు తేలలేదు. దాన్ని వెదకడం మానుకున్నాము. మొదటి దినమే పాసుపుస్తకం తెమ్మని మేము అడిగి ఉంటే ఆరు నెలలు పోయేవి కావు. అనుమానం వచ్చిన మాకు విచారించే ఓపిక రాలేదు. మరుసటి నెలలో ప్రభువు బల్ల దగ్గరకు కలిసి వెళ్లాము, ఒక్క కుటుంబం తప్ప. వారికోసం ఇప్పటికీ ప్రార్థిస్తున్నాము.

2025 ఏప్రిల్ చివర, పిల్లలకు సెలవులివ్వగానే పెద్దయ్యకు ఒక కంటికి ఆపరేషను చేయించాము. కట్టు విప్పిన తరువాత ఆయన అడిగిన మొదటి మాట, "పిల్లల కోడి యాడుంది?" అప్పుడది కనబడే కాలం కాదు. మే నెలలో కృత్తిక కార్తె అంటే సూర్యుడు సరిగ్గా ఆ చుక్కల వైపే ఉండే రోజులు. పట్టపగలు సూర్యునితో కూడా అవి ఉదయించి, సూర్యునితో కూడా అస్తమిస్తాయి. కనబడవు, అయితే లేకుండా పోలేదు. రోళ్లు పగిలే రోహిణి, ఆ తరువాత మృగశిర దాటేవరకు ఆయన ఆగవలసి వచ్చింది.

ఆరుద్ర కార్తెలో, జూను చివర, శెనక్కాయ విత్తనానికి సిద్ధపడుతున్న రోజుల్లో, ఒక తెల్లవారుజామున నాలుగున్నరకు ఆయన మా తలుపులు తట్టి లేపాడు. వీధిదీపాలకు ఎడంగా, చేని గట్టుమీద నిలబడ్డాము. తూర్పున కొంచెం ఉత్తరంగా, చింతచెట్ల పైన, చిన్న గుంపు. దానికి కుడివైపు కాస్త పైగా వేగుచుక్క మెరుస్తోంది. పెద్దయ్య తల పైకెత్తి, పెదవులు కదుపుతూ ఎంచాడు.

"అయిదు" అన్నాడు. కాసేపాగి, "ఏడని అబద్ధం చెప్పను. అయిదే" అన్నాడు.

లెక్కల పుస్తకం ఇప్పుడు ఇద్దరి చేతిలో ఉంది. ఆ కోడలు రాస్తుంది, పెద్దయ్య పక్కన కూర్చుని చదివించుకొని వింటాడు. రెండవ కంటి ఆపరేషనుకు ఇంకా వెళ్లవలసి ఉంది.

ప్రియమైన చదువరులారా, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఏ తేట రాత్రియైనా, భోజనాల తరువాత మీ ఇంటివారితో కలిసి బయటికి రండి. దీపాలకు దూరంగా ఓ పది నిమిషాలు కళ్లను చీకటికి అలవాటు పడనివ్వండి. మూడు చుక్కల వరస, ఎర్రని రోహిణి, దానికి అవతల పిల్లల కోడి. ఆ చుక్కలు కూడా ఎల్లకాలం కూడి ఉండవట. ఇంకా సుమారు 25 కోట్ల సంవత్సరాలకు ఒక్కొక్కటిగా చెదిరిపోతాయని శాస్త్రజ్ఞుల అంచనా. వాటిని అంతకాలం కట్టి ఉంచడం మన చేతిలో లేదని యోబుతో పాటు మనమూ ఒప్పుకోవలసిందే. మన పక్కన కూర్చున్నవారికి ఎన్ని చుక్కలు కనబడుతున్నాయో అడగడం మాత్రం మన చేతిలో ఉంది. ఇంట్లో ముసలివారు ఉంటే వారిని తప్పక అడగండి. వారు చెప్పే జవాబును ఓపికగా వినండి.

కృత్తికను చేసినవానికే స్తోత్రము కలుగును గాక. ఆమేన్.